అద్దిన చేతులు

సలోమిని ఆ ఏడు కూడా రిలీవ్ చేయలేదు.

ఆసుపత్రి కొలువుల సంగతి తెలియనివాళ్లకు ఈ బాధ అర్థం కాదు. నర్సుకు పైచదువులో సీటు వస్తే సరిపోదు. 'ఈమెను చదువుకోడానికి వదులుతున్నాం, తిరిగొచ్చాక ఉద్యోగమూ సీనియారిటీ ఇక్కడే ఉంటాయి' అని ఆసుపత్రి ఒప్పుకుని పంపాలి. దాన్నే రిలీవ్ చేయడం అంటారు. బెజవాడలోని ఇందీవర పిల్లల ఆసుపత్రిలో ఆ భాగ్యం చాలామందికి దక్కింది. మొక్కుబడిగా పని చేసేవాళ్లకు దక్కింది, నెలలో సగం రోజులు సెలవు చీటీలు పంపేవాళ్లకూ దక్కింది. వాళ్లు లేకపోయినా వార్డు నడుస్తుంది గనక సంతోషంగా సాగనంపారు. సలోమికి మాత్రం దక్కలేదు. నెలలు నిండకుండా పుట్టిన పసికందు చేతిలో దారప్పోగంత నరాన్ని వేలికొసతో తడిమి, ఒక్క పోటులో సూది ఎక్కించడంలో ఆమెకు సాటి ఆ ఆసుపత్రిలో లేరు. అదే ఆమె కొంప ముంచింది.

"నువ్వెళ్తే ఐసీయూ ఏం గానమ్మా?" అనేవారు డైరెక్టరు పరాంకుశం గారు, అడిగిన ప్రతిసారీ. వినడానికి పొగడ్తలా ఉండేది. మొదట్లో సలోమి కూడా పొంగిపోయి బయటికొచ్చేది. తరవాత తరవాత ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండడం మొదలైంది.

మంటకు ఇంకో కారణమూ ఉంది. ఐసీయూ పక్కనే అద్దాల గదిలో కూర్చునే నర్సింగ్ ఇన్‌చార్జి స్వర్ణ, ఒకప్పుడు సలోమి దగ్గర పని నేర్చుకున్న పిల్ల. సిరంజి పట్టుకుంటే వణికిపోయే చేతిని సలోమే మణికట్టు దగ్గర పట్టుకుని దిద్దింది. ఆ పిల్ల కోర్సుకు వెళ్లింది, తిరిగొచ్చింది, కుర్చీ ఎక్కింది. ఇప్పుడు సలోమి సెలవు అడగాలన్నా స్వర్ణ సంతకం పెట్టాలి. నలుగురిలో ఆమెను 'మేడమ్' అనాలి. ఎవరూ లేనప్పుడు స్వర్ణ 'అక్కా' అనే పిలిచేది. ఆ పిలుపు సలోమికి ఊరటగా ఉండాల్సింది పోయి మరింత ఉడుకు పుట్టించేది.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త యోబు వంకాయలు తరుగుతూ అడిగాడు. రైల్వే పార్శిల్ ఆఫీసులో పని అతనిది. ఆమె డ్యూటీ రోజుల్లో వంట అతనే చూసుకుంటాడు.

"ఏమన్నాడు పెద్దాయన?"

"వచ్చే ఏడు చూద్దాం అన్నాడండీ."

"వచ్చే ఏడుకి నీ వయసు దాటిపోద్ది గదా? కోర్సోళ్లు తీసుకోరుగా ఇంక?"

"అదే చెప్పా. నవ్వాడు."

యోబు కత్తిపీట పక్కకు జరిపాడు. "నే చెప్పేది ఇను. కాస్త పని చెడగొట్టు. ఓ నాలుగు రోజులు సూది తప్పించు. ఆళ్లే దణ్ణం పెట్టి పంపిత్తారు."

"అరచేతంత బిడ్డ నా చేతిలో ఉంటే కావాలని తప్పించమంటారా?"

"ఊరికే అన్నాలే," అన్నాడు యోబు నొచ్చుకుని. మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుని వంకాయల పని చూసుకున్నాడు.

* * *

వాగీశ్ ఆ ఆసుపత్రికి వచ్చింది సరిగ్గా అప్పుడే. నరాల శాస్త్రవేత్త. మనిషి సన్నగా, ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టు కనిపిస్తాడు. మోచేతుల దాకా వచ్చే పల్చటి తొడుగులు ఒక జత తెచ్చి సలోమి ముందు పెట్టాడు. మేజోళ్ల గుడ్డలాగే ఉన్నాయి కానీ, వెలుతురుకు ఎత్తి చూస్తే లోపలంతా వెంట్రుకల్లాంటి తీగలు.

"ఇవి వేసుకుని మీ పని మీరు చేసుకోండి సిస్టర్. మీ కండరం ఎప్పుడు బిగిసింది, ఎప్పుడు వదిలింది, మీ మెదడు చేతికి ఏం చెప్పింది, అన్నీ ఇది పట్టుకుంటుంది. తరవాత ఇలాంటి తొడుగే కొత్త నర్సుకు వేస్తాం. మీ చేతి నడక ఆ అమ్మాయి చేతికి దిగుతుంది."

"చూసి నేర్చుకుంటారా?"

"నేర్చుకోరు. నేరుగా వచ్చేస్తుంది. మా తాతగారిది పెడనలో అద్దకం పని. ఒక్క అచ్చుతో ఎన్ని గుడ్డలైనా అద్దేవారు. ఇదీ అంతే. మేం దీన్ని అద్దకం అనే అంటున్నాం."

సలోమి ఆ పోలికను పెద్దగా పట్టించుకోలేదు. ఆమె చూపు పరాంకుశం గారి మీద ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, తీరిగ్గా ఆ మాట అన్నారు.

"నీ చేతులు అందరికీ వచ్చేస్తే ఇక నిన్ను పట్టుకుని వేలాడే పనేముందమ్మా? ఈ ఏడే వెళ్దువుగాని. మాటిస్తున్నాను."

సలోమి అక్కడికక్కడే తొడుగులు వేసుకుంది.

ఆ తరవాతి రోజుల్లో ఆమె ఏం చేసినా తొడుగులతోనే చేసింది. చేతుల మీద నరాలు, కాళ్ల మీద నరాలు, బొద్దు పిల్లలవి, ఎముకల గూడులాంటి పిల్లలవి. పక్కన తెర ముందు కూర్చున్న వాగీశ్ ఆ గీతలను చూసి చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు. ఒకరోజు ఒక బిడ్డకు చేతులూ కాళ్లూ అన్నీ వాడేశారు, ఇక సూది పెట్టాలంటే తల మీదే. కంటికి తేలిగ్గా కనిపించే నరాలు పసివాళ్లకు తల మీద ఉంటాయి. సలోమి ట్రే తీసుకుని రెండడుగులు వేసింది. రిజ్వానా అనే నర్సు ఎదురొచ్చి, పల్లెత్తు మాట లేకుండా ఆ ట్రే తను అందుకుని, తన చేతిలోది సలోమికి ఇచ్చింది. రిజ్వానా బిడ్డ తల దగ్గరికి వెళ్లింది, సలోమి ఇంకో బిడ్డ కాలి దగ్గరికి వెళ్లింది. ఎవరూ తల తిప్పి చూడలేదు.

ఆ వార్డులో అదొక మర్యాద. ఒక్కొక్కరికి ఒక్కో చోట చెయ్యి ఆడదు. మౌనికకు ఊపిరి గొట్టాలంటే భయం. ఇంకొకామెకు రక్తం తీయడం కుదరదు. ఎవరి లోటు ఎవరిదో అందరికీ తెలుసు గనక, అడగకుండానే ట్రేలు మార్చేసుకుంటారు. సలోమిది తల. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చీము రక్తంలోకి ఎక్కి అప్పటికే చివరి దశలో ఉన్న ఒక బిడ్డకు ఆమె తల మీద సూది పెట్టింది. సరిగ్గానే పెట్టింది. సాయంత్రానికి బిడ్డ పోయింది. జబ్బుతో పోయిందని పెద్ద డాక్టరే చెప్పినా, "తలలో గుచ్చావు గదే తల్లీ" అంటూ ఆ అమ్మ ఏడ్చిన ఏడుపు సలోమి చేతిలో ఉండిపోయింది. ఆ తరవాత ఆమె చెయ్యి తల మీదికి వెళ్లలేదు. మొదట స్వర్ణ ఆ ట్రే అందుకునేది. స్వర్ణ కుర్చీ ఎక్కాక రిజ్వానా అందుకుంటోంది. ఇది రహస్యమేమీ కాదు. పక్కింటావిడ మోకాళ్ల నొప్పిలా అందరికీ తెలిసి, ఎవరూ మాట్లాడని సంగతి.

"మీకు తెలిసినవన్నీ వచ్చేసినట్టేనా సిస్టర్?" అని చివరి రోజు వాగీశ్ అడిగాడు.

"వచ్చేసినయ్యి సార్," అంది సలోమి. అబద్ధం కాదు. తనకు తెలిసినవన్నీ వచ్చేశాయి. తెలియనిదాని గురించి అతను అడగలేదు, ఆమెకు తట్టనూ లేదు. వార్డులో ట్రే మారడం అంత మామూలు విషయం.

* * *

అద్దకం పట్టింది. మామూలుగా కాదు, బ్రహ్మాండంగా పట్టింది.

ఐసీయూ నర్సులందరికీ తొడుగులు వేశారు. రోజూ కాసేపు కూర్చుని దూది చుట్టడమో గుడ్డలు మడవడమో చేస్తుంటే, లోపలి తీగలు చీమలు పాకినట్టు చేతికి ఏదో చెబుతూ ఉండేవి. పక్షం తిరిగేసరికి మౌనికలాంటి నిన్న మొన్న చేరిన పిల్ల కూడా కళ్లు మూసుకున్నంత సులువుగా సూది ఎక్కించేసింది. బిడ్డల చేతులు గుచ్చి గుచ్చి నల్లగా కమలడం ఆగిపోయింది. తల్లులు వచ్చి చేతులు జోడించి వెళ్తున్నారు. పత్రికలవాళ్లు వచ్చి పరాంకుశం గారి ఫొటో వేశారు.

స్వర్ణకు మాత్రం అద్దలేదు. ఆమె పని కాగితాలతో గదా, ఎందుకు వృథా అన్నారు.

ఒక మధ్యాహ్నం యోబు క్యారియరు ఇవ్వడానికి వచ్చి క్యాంటీన్‌లో నిలబడిపోయాడు. ఒక బల్ల దగ్గర నలుగురు నర్సులు అన్నం తింటున్నారు. నలుగురూ ఉడికిన గుడ్డును అరచేతి కింద పెట్టి ఒక చుట్టు దొర్లించారు. నలుగురూ బొటనవేలి గోటితో నెత్తిన చిదిపారు. నలుగురూ పెంకును రిబ్బనులా ఒలిచారు. పాతికేళ్లుగా తన ఇంట్లో సలోమి అచ్చం అలాగే ఒలుస్తుంది.

"ఏందే ఇది?" అన్నాడు సలోమి చెవి దగ్గర. "నీ చేతులు ఊరంతా తిరుగుతున్నయ్యి!"

సలోమి పగలబడి నవ్వింది. బల్ల దగ్గర రిజ్వానాకు అంత నవ్వు రాలేదు. ఒలిచిన గుడ్డును పళ్లెంలో పెట్టి దాని వంక చూసింది.

"నేను గుడ్డు ఇట్టా ఒలిచేదాన్ని కాదక్కా. కొట్టి చిల్లు చేసేదాన్ని. ఇప్పుడు ఎట్టా కొట్టేదాన్నో గుర్తుకు రావట్లా."

"గుడ్డే గదా పోనియ్యి," అంది సలోమి.

"అది సరేలే. అందరం ఒక్కటే అయిపోయాం గదా, రేపు ప్రమోషన్ ఎవరికిస్తారంట? ఏం చూసి ఇస్తారు?"

మౌనిక మజ్జిగ గ్లాసు ఎత్తుకుంది. సలోమికి ఆ మాట కాస్త గుచ్చుకున్నా, ఆమె మనసు హైదరాబాదులో ఉంది. సీటు ఖాయమైంది. వచ్చే సోమవారం చేరాలి. పరాంకుశం గారు ఈసారి కాదనలేదు. 'శనివారం కాగితం తీసుకో' అన్నారు. ఇన్నేళ్లకు తన పని తనను కట్టెయ్యకుండా వదులుతోందని ఆమె లోలోపల ఎగిరి గంతేస్తోంది.

* * *

శుక్రవారం పొద్దెక్కాక చిట్టినగర్ నుంచి వచ్చిన ఒక బిడ్డకు ఫిట్స్ మొదలయ్యాయి. వారాల తరబడి అక్కడే ఉన్న బిడ్డ. రక్తంలో చక్కెర అడుగంటింది. వెంటనే నరంలోకి గ్లూకోజు వెళ్లాలి, లేదంటే మెదడు దెబ్బతింటుంది. చేతులు, కాళ్లు అంతకు ముందే వాడేశారు. అద్దకం వచ్చాక తల మీద సూది పెట్టాల్సి రావడం అదే మొదటిసారి. బొడ్డు ఎండిపోయి అక్కడి నరం దారీ మూసుకుపోయింది. డ్యూటీ డాక్టరు కాలి దగ్గర రెండుసార్లు ప్రయత్నించి, ఎముకలోకి సూది దించే సరంజామా తెస్తానని కింది అంతస్తుకు పరిగెత్తాడు.

"తల మీద పెట్టెయ్యండి సిస్టర్!" అని అరుస్తూనే వెళ్లాడు.

ట్రే మౌనిక చేతిలో ఉంది. ఆమె అలవాటు ప్రకారం రిజ్వానా వైపు చాచింది. రిజ్వానా అందుకుంది. బిడ్డ చెవి పైన వెంట్రుకలు గీసేసింది. నరం నీలంగా, స్పష్టంగా కనబడుతోంది. సూది పట్టుకున్న చెయ్యి ముందుకు వెళ్లింది, అంగుళం దూరంలో ఆగింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ అక్కడే ఆగింది.

"ఏమైందే?" అంది మౌనిక.

"రావట్లేదు. చెయ్యి రావట్లేదు!"

ట్రే ఇంకొకామె చేతికి వెళ్లింది. ఆ చెయ్యీ అంగుళం దూరంలో ఆగింది. ఇంకొకామె. ఆ చెయ్యీ అక్కడే. ఎన్నో ఏళ్లుగా ఒకరికి రాకపోతే ఒకరికి మారుతూ వచ్చిన ట్రే, ఆ రోజు ఎవరి దగ్గరా ఆగకుండా చుట్టూ తిరిగి సలోమి చేతికి వచ్చింది. బిడ్డ పెదవులు నల్లబడుతున్నాయి.

సలోమి సూది పట్టుకుంది. అంగుళం దూరంలో ఆగింది.

అప్పుడు ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. ఈ పిల్లల చేతుల్లో ఆగుతున్నది తన చెయ్యే. వాగీశ్ గీతల్లోకి పనితనం ఒక్కటే ఎక్కలేదు. ఆ రోజు ఆ తల్లి ఏడ్చిన ఏడుపు కూడా ఎక్కింది. ట్రే మార్చుకోవడానికి ఇక వేరే చెయ్యి లేదు. వార్డు నిండా తన చేతులే ఉన్నాయి.

"స్వర్ణా!" అని కేక పెట్టింది. మేడమ్ అనలేదు. "స్వర్ణా, ఇట్రా! పరిగెత్తు!"

అద్దాల గదిలోంచి స్వర్ణ వచ్చింది. సంగతి చూసి ముఖం పాలిపోయింది. "నేనా? నేను సూది ముట్టుకుని ఎన్నేళ్లయిందో నీకు తెలీదా అక్కా?"

"నీ చేతికి అద్దకం లేదు. ఇక్కడ ఉన్న మిగతా చేతులన్నీ నావే. రా, తల నేను పట్టుకుంటా."

స్వర్ణ చేతులు కడుక్కుంది. సూది అందుకుంది. సలోమి బిడ్డ తలను రెండు అరచేతుల మధ్య కదలకుండా పట్టుకుంది. మొదటి పోటు తప్పింది. స్వర్ణ నోట్లోంచి ఏడుపులాంటి శబ్దం వచ్చింది. "ఇంకొంచెం వాల్చు. అంతే. ఊపిరి వదిలి పెట్టు," అంది సలోమి. రెండో పోటుకు సన్నని గొట్టంలో రక్తం మెరిసింది. గ్లూకోజు ఎక్కింది. కాసేపటికి బిడ్డ కొట్టుకోవడం ఆగి, మామూలుగా మూలగడం మొదలుపెట్టింది.

డాక్టరు సరంజామాతో తిరిగొచ్చేసరికి, ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నర్సులు ఎవరి మంచం దగ్గర వాళ్లు ఏదో సర్దుతూ ఉన్నారు.

* * *

"భయాన్ని విడిగా తీసెయ్యలేకపోయాం," అన్నాడు వాగీశ్, డైరెక్టరు గదిలో. అతని గొంతులో నిజమైన సిగ్గు ఉంది. "పనితనం ఎక్కడ ఆగుతుందో, భయం ఎక్కడ మొదలవుతుందో గీతల్లో కనిపించదు సార్. తల మీద పెట్టినవి మాకు రికార్డు కాలేదు కాబట్టి, ఆమె చెయ్యి వెనక్కి తగ్గినవే అద్దుకున్నాయి. నేను అడగాల్సింది. అడగలేదు."

"ఇప్పుడు ఏం చేద్దాం?" అన్నారు పరాంకుశం గారు.

"సలోమి గారికి ఆ భయం పోవాలి. పోయాక మళ్లీ రికార్డు చేసి మళ్లీ అద్దాలి. నెలలు పట్టొచ్చు."

పరాంకుశం గారు తల పంకించి సలోమి వైపు తిరిగారు. ఆయన నోరు తెరవకముందే ఆమెకు ఆ మాట తెలిసిపోయింది.

"విన్నావుగా అమ్మా. ఈ పరిస్థితిలో నిన్నెట్లా వదలను? వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడుకి నా వయసు దాటిపోద్ది సార్."

"మినహాయింపు అడుగుదాం. అందాకా, అందరికీ నీ చెయ్యి ఇచ్చినదానివి గనక, నీకు ముఖ్య దాత నర్సు అని ఒక హోదా పెడతాం. గోడ మీద ఫొటో పెడతాం. జీతం సంగతీ చూద్దాం."

"ఆ హోదా మీద ఇంకో హోదా ఉందా సార్? దాన్నించి పైకి ఏమవుతారు?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. సలోమికి కడుపు రగిలిపోయింది. ఇన్నేళ్లు చేతనైనందుకు కదలనివ్వలేదు. ఇప్పుడు చేతకానందుకు కదలనివ్వరు. ఏం చేసినా తను ఆ వార్డు తలుపు దాటి పోకూడదు. ఆమె పక్కనే నిలబడ్డ స్వర్ణ వైపు తిరిగింది.

"నువ్వన్నా చెప్పు. నువ్వెళ్లొచ్చావుగా? ఇన్‌చార్జివి నువ్వు. పంపమని ఒక్క మాట చెప్పు."

స్వర్ణ తల దించుకుంది. "నేను చెప్పిన మాటే నిన్ను ఆపింది అక్కా," అంది. "ప్రతి ఏడూ సారు నన్నే అడిగేవారు. ఆమె లేకుండా నడుస్తుందా అని. నడవదని నేనే చెప్పేదాన్ని."



"ఎందుకే?" అంది సలోమి. "నేనేం చేశా నీకు?"

"నువ్వు పోతే మంచం దగ్గర నిలబడాల్సింది నేను. కుర్చీలో కూర్చున్నాక చేతులు మొద్దుబారిపోయినయ్యి. ఎవరికి చెప్పుకోను? ఇన్‌చార్జికి సూది రాదంటే నవ్వరా? నువ్వున్నంత కాలం నా గుట్టు దాగింది." స్వర్ణ కళ్లు తుడుచుకుంది. "ఈ రోజు మొదటి పోటు తప్పినప్పుడు చచ్చిపోయాననుకున్నా. రెండోది ఎక్కింది. సోమవారం నుంచి నేను వార్డులో నిలబడతా సార్. తల సంగతి నేను చూసుకుంటా. ఆమెను పంపండి."

"మీరిద్దరూ కలిసి ఆసుపత్రి నడిపేస్తారా?" అని పరాంకుశం గారు విసుక్కున్నారు. "కుదరదమ్మా. ఆమె కావాలి. కాదని వెళ్తానంటే రాజీనామా చేసి వెళ్లాలి. తిరిగొస్తే కొత్తగా చేరినవాళ్లతో పాటే. సీనియారిటీ అంతా పోతుంది. ఆలోచించుకో."

స్వర్ణను చీల్చి పారెయ్యాలన్నంత కోపం ఉంది సలోమికి. ఆ కోపం మీదే ఆలోచన తేటగా వచ్చింది.

"పైమెట్టు ఎక్కనియ్యకుండా ఇరవయ్యేళ్లు ఒక్క మెట్టు మీద నిలబెట్టారు. దాన్ని సీనియారిటీ అంటారా సార్?" అంది. "ఉంచుకోండి. నాకొద్దు."

సలోమి తలుపు తీసుకుని బయటికొచ్చేసింది. ఉన్నది ధైర్యం కాదు, భయమే. ఇంటికెళ్లి యోబుకు ఏం చెప్పాలో కూడా తెలియలేదు.

వరండాలో, లోపలి మాటలు వినబడేంత దగ్గరలో, రిజ్వానా గోడకు ఆనుకుని ఉంది. కళ్లు ఉబ్బిపోయాయి.

"వెళ్తున్నావంటగా అక్కా?"

"వెళ్తున్నానే."

"తల మీద నరం పట్టుకోవడం నాకొచ్చేది. ఎవరూ నేర్పలా, నాకు నేనుగా వచ్చింది. వార్డులో నాదంటూ ఉన్నది అదొక్కటే. ఇప్పుడు నా చేతిలో అది లేదు." రిజ్వానా తన చేతుల వంక ఎవరివో అన్నట్టు చూసుకుంది. "నువ్వు చదువుకోడానికి పోతావు. నా చెయ్యి నాకెవరిస్తారు?"

"స్వర్ణ ఉంటది. రోజూ చేస్తుంటే తిరిగొస్తది."

"రాకపోతే?"

తను బయటపడాలన్న తొందరలో తొడుగులు వేసుకుంది, ఈ పిల్లను ఒక్క మాట కూడా అడగలేదు. "నన్ను తిట్టుకో," అంది. "తిట్టుకోవాల్సిందే." రిజ్వానా తిట్టలేదు, మొహం పక్కకు తిప్పుకుంది. సలోమికి అది తిట్టినదానికన్నా ఎక్కువ తగిలింది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఆ చెయ్యి చూసుకుని, వెయ్యకుండా వెళ్లిపోయింది.

ఇంట్లో యోబు అంతా విన్నాడు. "ఇరవయ్యేళ్ల సర్వీసు ఒక్క మాటతో ఊడ్చిపెట్టావా?" అన్నాడు. తరవాత లేచి స్టవ్ వెలిగించాడు. "సరే. తిని పడుకో. పొద్దున్నే టిక్కెట్టు చూస్తా."

* * *

హైదరాబాదులో క్లాసులో అందరికన్నా పెద్దది సలోమే. పాఠాలు పుస్తకంలో ఉన్నంత కాలం ఆమె వెనకబడే ఉంది. ఇంగ్లీషు మాటలు రెండుసార్లు చదివితే గానీ బుర్రకెక్కేవి కాదు. పక్కన కూర్చునే పిల్లలు ఫోనులో టపటపా కొట్టేసి చదివేసేవాళ్లు. వార్డులోకి అడుగుపెట్టాక మాత్రం వాళ్లే ఆమె వెనక నడిచేవాళ్లు. చేతి మీద, కాలి మీద ఆమె సూది పెట్టడం చూసి నోరెళ్లబెట్టారు. బెజవాడ నుంచి స్వర్ణ ఫోను చేసింది రెండుసార్లు. సలోమి ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. రిజ్వానా చెయ్యి తల మీదికి వెళ్తోందనీ, సగం సార్లు ఇంకా ఆగిపోతోందనీ స్వర్ణ చెప్పింది. సలోమి విని, సరేనని పెట్టేసింది.

ఒకరోజు ఒక బిడ్డకు చేతులూ కాళ్లూ వాడేయడం అయిపోయింది. ట్యూటరు పేరు మంజరి, ఓరుగల్లు వైపు పిల్ల, సలోమి కన్నా ఎంతో చిన్నది. బిడ్డ చెవి పైన వెంట్రుకలు గీసి, సూది సిద్ధం చేసి అందరి వైపు చూసింది.

"సలోమి మేడమ్, మీరు రండ్రి. మీరు సీనియర్ గదా, మీరు పెడ్తె పిల్లలు చూస్తరు."

క్లాసంతా ఆమెకు దారి ఇచ్చింది. సలోమి ముందుకొచ్చింది. బిడ్డ తల చూసింది. నరం కనబడుతోంది, నీలంగా. చెయ్యి అంతవరకు వెళ్లి ఆగిపోతుందని ఆమెకు తెలుసు. పక్కకు తప్పుకోవడం సులువే. 'మీరే చూపించండి మేడమ్' అంటే మంజరి పొంగిపోయి పెట్టేస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

ఇందీవరలో ఇరవయ్యేళ్లలో ఆమెను ఎవరూ 'నీకేం రాదు?' అని అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఆమెకు ఇప్పుడు కూడా కోపం వచ్చింది. వాళ్ల మీద, స్వర్ణ మీద, తన మీద. చెమట పట్టిన చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంది.

"ఇది నాకు రాదండీ," అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. మంజరి కూడా నవ్వబోయి, సలోమి ముఖం చూసి ఆగింది.

"మీకు రాకపోవుడేంది మేడమ్?"

"రాదు. ఉద్యోగంలో చేరిన కొత్తప్పటి నుంచీ రాదు. భయం." సలోమి తల దించలేదు. "నేర్పండి."